నేను రాసిన షుగర్ కవర్లు

నర్సు ఉద్యోగంలో కొత్తగా చేరిన పిల్లలు మా ఇంటికొస్తే ఒకటే అడుగుతారు. "సిస్టర్, ఢిల్లీవాళ్ల ప్రచారంలో పనిచేశారట కదా, ఆ సంగతి చెప్పండి" అని. చెప్తాను. కాకపోతే వాళ్లు సన్మానం కథ వినాలని వస్తారు, నేను నా తప్పు కథ చెప్తాను. శాలువా కప్పినవాళ్ల మొహాలు కూడా ఇప్పుడు గుర్తులేవు. తప్పు మాత్రం నిన్న చేసినట్టే ఉంది.

గోదావరిఖనిలో బొగ్గు కార్మికుల దవాఖానలో ముప్పై ఏళ్ల పైచిలుకు పనిచేశాను. మా నాయనదీ గని పనే. మా ఇంట్లో ఆదివారం చర్చికి పోవడం ఎప్పుడైనా తప్పేది గానీ నాయన షిఫ్టు మాత్రం తప్పేది కాదు. రిటైరయ్యే ముందు ఐదారేళ్లు నన్ను మనసు జబ్బుల డాక్టరు దగ్గర వేశారు. ఆయన వారానికి రెండు రోజులు వచ్చేవారు. ఆ గదిని మా దవాఖానలో అందరూ, చివరికి ఊడ్చే ఆమె కూడా, పిచ్చి గది అనేవాళ్లు. అందుకని తలుపు మీద పేరేదీ రాయకుండా నంబరు ఒక్కటే రాసి ఊరుకున్నాం.

అట్లాంటి రోజుల్లో ఢిల్లీ నుంచి కబురొచ్చింది. మనసు జబ్బంటే సిగ్గుపడే అలవాటును పోగొట్టడానికి దేశమంతటికీ ఒక ప్రచారం తయారు చేస్తున్నారట. ఓడరేవులు, రైళ్లు, గనులు, ఇలా ఒక్కో పనిచోటు నుంచి ఒక్కొక్కరిని తీసుకుంటారట. గనుల తరఫున నన్ను పంపారు. ఎందుకంటే నాకు నోరెక్కువ. "నీ నోటికి ఇదే తగిన పని" అన్నారు మా పెద్ద డాక్టరు. పొగిడారో తిట్టారో నాకిప్పటికీ తెలియదు.

ప్రతి బుధవారం ఫోన్లో వీడియో మీటింగు. నడిపే అమ్మాయికి నా కూతురి వయసుంటుంది. ఆమెది ఢిల్లీ హిందీ, నాది మా బస్టాండు హిందీ. అయినా నేనేం చెప్పినా నోట్‌బుక్కులో రాసుకునేది. నా ఉద్యోగంలో నా మాటను అంత శ్రద్ధగా రాసుకున్న మనిషి ఇంకొకరు లేరు, ఆమెను తలచుకుంటే ఇప్పటికీ ప్రేమ పుడుతుంది.

మొదట పోస్టర్లు పంపారు. చీకట్లో ఒక మనిషి రెండు చేతుల్తో తల పట్టుకుని కూర్చుని ఉంటాడు. క్యాంటీన్ గోడకు అతికించి ఇంకా జిగురు తుడుచుకోలేదు, టీ తాగుతున్న ఒక డ్రిల్లరు, బొగ్గులో రంధ్రాలు వేసేవాడు, "ఏం సిస్టర్, తలనొప్పికి కొత్త మందచ్చిందా?" అన్నాడు. ఢిల్లీ అమ్మాయికి చెప్తే నవ్వి అదీ రాసుకుంది.

ఆ తర్వాత ఘనకార్యం నాది. సలహా కోసం వచ్చేవాళ్లకు వరండాలో ఒక టేబుల్ వేయించాను. వేయించింది ఎక్కడ? మెడికల్ బోర్డు గది పక్కన. కార్మికుడు ఇక పని చేయలేడని ఆ గదిలో 'అన్‌ఫిట్' రాస్తే కొడుక్కి ఉద్యోగం వచ్చే దారి దొరుకుతుంది. ఇక్కడ పుట్టిన పసిపిల్లకైనా తెలిసిన సంగతి, నా బుర్రకు ఆ రోజు తట్టలేదు. తొమ్మిదయ్యేసరికి వరండా నిండిపోయింది. "జనం తోసుకొస్తున్నారు!" అని ఢిల్లీకి ఫోన్ కూడా చేశాను.

మొదట కూర్చున్న పెద్దాయనను అడిగాను, "నిద్ర పడుతుందా కాకా?" అని.

"అస్సలు వడ్తలేదు."

"ఆకలి?"

"లేదు."

"ఏడుపు వస్తుందా?"

ఆయన అటూ ఇటూ చూసి ముందుకు వంగాడు. "ఎంత రావాలె సిస్టర్? అన్‌ఫిట్ రాయాల్నంటే ఎంత ఏడ్వాల్నో చెప్పు, గంతనే ఏడుస్త."

ఇంటికొచ్చాక కడుపుబ్బ నవ్వుకున్నాను గానీ, ఆ రోజు టేబుల్ ఎత్తేస్తుంటే నాకు ఏడుపొక్కటే తక్కువ. నిజంగా అవసరమున్నవాళ్లు దూరం నుంచే ఆ వరుసను చూసి వెనక్కి పోయారు. అందులో నిలబడితే కొడుకు ఉద్యోగం కోసం డ్రామా ఆడుతున్నారంటారని వాళ్ల భయం.

అసలు కథ ఇది కాదు. అసలు కథ ఒక సర్దారుది.

గనిలో సర్దారంటే గ్యాంగు కంటే ముందు లోపలికి పోయి, కర్రతో పైకప్పును తట్టి, చప్పుడు విని, ఇక్కడ పని చేయొచ్చు, అక్కడ వద్దు అని చెప్పే మనిషి. ఆయన బాగుందంటేనే మిగతావాళ్లు ఆ కప్పు కింద నిలబడతారు. ఈయనది కమాన్‌పూర్. సేద్యం చేసుకునే ఇంటి నుంచి గనిలోకి వచ్చినవాడు. మాట తక్కువ, పని గట్టి. ప్రచారం మొదలు కావడానికి ఏడాదిన్నర ముందు, అందరూ వెళ్లిపోయేదాకా ఆగి, డాక్టరు గదిలోకి వచ్చి కూర్చున్నాడు.

"ఏమైందన్నా?" అన్నాను.

"ఏం కాలే సిస్టర్. గదే నా బాధ. పిల్లలు మంచిగున్నరు, నౌకరి మంచిగున్నది. ఏం కాకుండనే గిట్లయింది. పొద్దుగాల లేస్తే కాలు కింద వెట్టబుద్ధి అయితలేదు."

డాక్టరు పరీక్ష చేసి మందులు రాశారు. నెల రోజులు గనిలోకి దిగొద్దన్నారు. నెల తర్వాత మళ్లీ చూసి, ఈ మందుతో మత్తు రాదని, డ్యూటీకి పోవచ్చని రాసిచ్చారు. అంతా సక్రమంగానే జరిగింది. ఆ మొదటి రోజు గోలీలు కవర్లో వేసి ఇస్తుంటే మాత్రం ఆయన చేయి చాపలేదు.

"ఇది ఇంట్ల ఎవ్వలన్న చూస్తే? బయటవడ్తే నా గ్యాంగోళ్లు నా ఎనక దిగరు సిస్టర్."

నాకు జాలేసింది. పెన్ను తీసి కవరు మీద పెద్ద అక్షరాలతో 'షుగర్' అని రాశాను. ఆయన మొహం తేటపడింది. దండం పెట్టి మరీ తీసుకున్నాడు.

ఒకసారి చేసిన పని రెండోసారి సులువవుతుంది. ఒకరికి బీపీ అని, ఇంకొకరికి నడుము నొప్పి అని, ఒక టీచరమ్మకు థైరాయిడ్ అని రాశాను. బుధవారం మీటింగులో "మనసు జబ్బును దాచొద్దని చెప్పాలి" అంటూ నా ఉపన్యాసం. గురువారం ఆ నోటి మనిషే కవర్ల మీద అబద్ధాలు రాయడం. ఈ రెంటికీ పొసగదని ఒక్కనాడూ అనిపించలేదు. దయ చేస్తున్నాననే అనుకున్నాను. దయకు కూడా కళ్లుండాలని అప్పుడు తెలియదు.

సర్దారు ఇంట్లో మాత్రం షుగర్ వచ్చి కూర్చుంది. ఆయన భార్య మంచి ఇల్లాలు. రాత్రి అన్నం మాన్పించి జొన్నరొట్టె పెట్టింది. చాయలో చక్కెర ఆపింది. పెళ్లిలో లడ్డు విస్తట్లో పడకముందే తీసి తన విస్తట్లో వేసుకునేదట. నెలనెలా వచ్చినప్పుడు ఆయన నా దగ్గర మొత్తుకునేవాడు. "షుగర్ ఎందుకు రాసినవ్ సిస్టర్, బీపీ అని రాస్తే ఉప్పొక్కటే బందయిపోవు గద!" ఇద్దరం నవ్వుకునేవాళ్లం.

ఆ నవ్వు ఒక ఎండాకాలంలో ఆగిపోయింది. మా పక్కనే ఉన్న జైపూర్ ఊళ్లో మా అన్న కూతురి పెళ్లికి వారం రోజులు సెలవు పెట్టాను. ఆ వారంలోనే ఆయన గోలీలు అయిపోయాయి. నేను లేనని తెలిసి, వేరే సిస్టర్ దగ్గర నోరు విప్పడానికి మొహమాటపడి, వచ్చేదాకా ఆగుదామనుకున్నాడు. ఇంట్లో భార్య ఖాళీ కవరు చూసింది. దాని మీద నా చేతిరాత కొట్టొచ్చినట్టు కనిపిస్తోంది. పెద్దగా చదువుకోకపోయినా షుగర్ అన్న మాట ఆమెకు తెలుసు. చౌరస్తాలో మందుల దుకాణానికి పోయి, కవరు చూపించి, షుగర్ గోలీలు కొనుక్కొచ్చింది. ఆమె నీళ్ల గ్లాసు పట్టుకుని ఎదురుగా నిలబడితే ఆయన ఏం చెప్తాడు? మింగాడు. ఒక రోజు కాదు, మూడు రోజులు.

మూడో రోజు మొదటి షిఫ్టుకు ఏమీ తినకుండా పోయాడు. గని పైన హాజరు వేసుకునే చోట ఒళ్లంతా చెమట పట్టి, కాళ్లు వణికి, గ్యాంగు కళ్లముందే కుప్పకూలాడు. ఇంకో అరగంట ఆగి పడి ఉంటే లోపల కప్పు తడుతూ పడేవాడు.

ఆ పొద్దున్నే నేను డ్యూటీలో చేరాను. స్ట్రెచర్ మీద ఆయనను చూశాను. రక్తంలో చక్కెర పూర్తిగా పడిపోయింది. గ్లూకోజ్ ఎక్కించగానే కళ్లు తెరిచాడు. కబురందుకుని భార్య ఆటో దిగి ఉరికొచ్చింది. ఆమె చేతిలో ఆ కవరు.

"షుగరున్న మనిషికి షుగర్ గోలీ ఏస్తే గిట్లెందుకయితది సిస్టర్? నేనేమన్న తప్పు జేసిన్నా?"

ఆమె తప్పు చేసిందా! ఆ ప్రశ్న నన్ను చెంప మీద కొట్టినట్టయింది. సర్దారు వైపు చూశాను, ఆయన కళ్లు మూసుకుని, చెప్పమన్నట్టు తలూపాడు. ఆమెను మంచం పక్కన కూర్చోబెట్టి ఉన్నదంతా చెప్పాను. ఆమె మొగుడి వైపు తిరగకుండా నాతోనే అంది.

"నాకు చెప్తే తిడ్తననుకున్నడా? తిడుతుంటి సిస్టర్. ఎందుకు తిట్టకపోదు? తిట్టి, పక్కకు కూసోవెట్టుకొని అన్నం వెడుతుంటి."

ఆయన దుప్పటి మొహం మీదికి లాక్కుని ఏడ్చాడు. నేను సెలైన్ సీసా చూస్తున్నట్టు నటించాను.

దవాఖానలో మాట గోడలు దాటడానికి ఎంతసేపు! సాయంత్రం రెండో షిఫ్టు దిగేసరికి "సర్దారుకు పిచ్చి గోలీలట" అని గని మొత్తం తెలిసిపోయింది. గ్యాంగువాళ్లు పోయి మేనేజరుతో ఆయన వెనక దిగబోమన్నారు. మేనేజరు మంచివాడే. నాకు ఫోన్ చేసి చెప్పాడు: "డాక్టరు ఫిట్ రాస్తే నాకేం అభ్యంతరం లేదు. కానీ మనుషులు దిగబోమంటే నేను మెడబట్టి దింపలేను కదా సిస్టర్. సోమవారం పొద్దున వాళ్లు ఒప్పుకోకపోతే ఆయనకు పైన ఏదో చిన్న పని ఇవ్వాల్సి వస్తుంది."

ఆ మాట సర్దారుకు చెప్పాను. ఆయన నిమ్మళంగానే విన్నాడు. "బాయిల దిగద్దంటే నేను మళ్ల మంచానికే అతుక్కుంట సిస్టర్. ఈసారి లెవ్వ. నాకెరుకే" అన్నాడు. మేం గనిని బాయి అంటాం. ఆ మనిషి ఊపిరి ఆ బాయిలోనే ఉందని నాకు అర్థమైంది. ఆ ఊపిరికి అడ్డం పడింది నా చేతిరాత.

ఆ సోమవారమే ఢిల్లీ అమ్మాయి మా దగ్గరికి వస్తోంది, ఇదంతా జరగక ముందు పెట్టుకున్న ప్రయాణం. మనసు జబ్బు గురించి నోరు విప్పి మాట్లాడే ఒక కార్మికుడిని వీడియో తీయాలి. చూపిస్తానని నేను మాటిచ్చాను గానీ ఒక్కరూ దొరకలేదు. ఆదివారం సర్దారును అడిగాను, "రేపు గ్యాంగు ముందు నేను మాట్లాడనా? వద్దంటే వద్దు" అని. ఆయన "ముందుగాల నువ్వు చెప్పు. నా నోటికి తొందరగ రాదు. ఎనక నేను చెప్త" అన్నాడు. చర్చిలో ఆ రోజు పాటలేవీ నా చెవికెక్కలేదు.

సోమవారం పొద్దున, షిఫ్టు దిగే ముందు, రోజూ భద్రత ప్రతిజ్ఞ చేసే చోట గ్యాంగు నిలబడింది. తలకు లైట్లు, చేతుల్లో టిఫిన్ డబ్బాలు. సర్దారు ఒక పక్కన కర్ర పట్టుకుని ఒంటరిగా నిలబడ్డాడు. ఆయనకూ మిగతావాళ్లకూ నడుమ పది అడుగుల ఖాళీ. ఢిల్లీ అమ్మాయి కెమెరా ఎత్తింది. వద్దన్నాను. ఆమె ఒక్క మాట అడగకుండా సంచీలో పెట్టేసింది. అంత దూరం నుంచి దానికోసమే వచ్చిన పిల్ల!

నేను నాలుగు పేజీల ఉపన్యాసం రాసుకుని పోయాను. మొదటి వాక్యం 'సోదర కార్మికులారా'. ఆ మొహాలు చూశాక ఆ కాగితాలు తీయబుద్ధి కాలేదు.

"తప్పు నాది" అన్నాను. "సర్దారన్నకు షుగర్ లేదు. మనసు బాగలేక డాక్టరు దగ్గరికచ్చిండు. డాక్టరు మందిచ్చిండు. దాని మీద షుగర్ అని అబద్ధం రాసింది నేను. మొన్న ఆయన పడ్డది మనసు జబ్బుతోని కాదు, నా అబద్ధంతోని. తిట్టాల్నంటే నన్ను తిట్టుండ్రి."

ఎవరూ తిట్టలేదు. అదే ఎక్కువ కష్టంగా ఉంది. ఒక కుర్ర డ్రిల్లరు, పెళ్లయి ఇద్దరు పిల్లలున్నవాడు, గొంతు పెంచాడు. "నిన్ను తిట్టి ఏం జేస్తం సిస్టర్? రేపు లోపల ఆయన దిమాక్ ఖరాబై, బాగలేని కప్పును బాగున్నదంటే? మా పిల్లలకు ఎవ్వలు దిక్కు?"

అది అడగాల్సిన ప్రశ్నే. డాక్టరు రాసిన కాగితం జేబులో ఉంది గానీ, కప్పు కింద నిలబడేవాడికి కాగితం ఏం ధైర్యమిస్తుంది?

సర్దారు మాట్లాడాడు. "మంచిగనే అడిగినవ్ తమ్మీ. రెండేండ్ల కింద నెల రోజులు నేను డ్యూటీకి రాలే, యాదున్నదా? నడుం నొప్పని చెప్పిన. నడుం నొప్పి కాదు. దానికి ముందు కప్పు తడ్తె నాకు చప్పుడు ఇనవడుతుండె గాని, మనసుకు పడకపోతుండె. నా మీద నాకే నమ్మకం లేకుండె. గందుకే దిగలే. డాక్టరు పొమ్మన్నంకనే దిగిన. గప్పటిసంది మందేసుకునే మీ ముందట నడుస్తున్న. నమ్మకం లేనినాడు నేనే దిగ. మీరు ఆపే పని లేదు."

అంత పొడుగు మాట ఆయన నోట నేనెప్పుడూ వినలేదు, బహుశా వాళ్లూ వినలేదు. అందరికంటే పెద్దాయన, కప్పు కూలకుండా కర్ర దిమ్మెలు నిలబెట్టే పని చేసేవాడు, టిఫిన్ డబ్బా ఒక చేతి నుంచి ఇంకో చేతికి మార్చుకున్నాడు.

"ఈ రెండేండ్లల్ల ఈయన బాగున్నదన్న కప్పు ఒక్కటన్న కూలిందార? రాత్రి పీకలదాక తాగి పొద్దుగాల దిగెటోళ్ల పక్కపొంటి ఇన్నేండ్లు నిలవడ్డం. గోలీ ఏసుకొని దిగెటోని పక్కకు నిలవడలేమా?"

ఎవరో కిసుక్కుమన్నారు. ఇద్దరు ముగ్గురు తలలు దించుకున్నారు, ఎవరెవరో నాకు తెలుసు. పెద్దాయన అప్పటికే నడవడం మొదలుపెట్టి, "పదుండ్రి, మాటలతోని బొగ్గు రాలదు" అన్నాడు. పది అడుగుల ఖాళీ దాటి సర్దారు పక్కకు పోయి నిలబడ్డాడు. ఒకరి వెనక ఒకరు కదిలారు. సర్దారు అందరికంటే ముందు లోపలికి దిగాడు.

అందరూ దిగారని చెప్తే బాగుంటుంది గానీ, దిగలేదు. ఆ కుర్ర డ్రిల్లరూ ఇంకొకతనూ ఆగిపోయారు. వేరే గ్యాంగుకు మార్చమని అడిగి మారిపోయారు. నాకు కోపమొచ్చింది. ఢిల్లీ అమ్మాయే నన్ను ఆపింది. "భయపడే హక్కు కూడా వాళ్లకు ఉండాలి సిస్టర్‌జీ" అంది. ఈసారి నేను రాసుకున్నాను.

షిఫ్టు అయ్యేదాకా నేనూ ఆమే క్యాంటీన్‌లో కూర్చున్నాం. మధ్యాహ్నం వాళ్లంతా మసితో పైకి వచ్చారు. సర్దారు నా దగ్గరికొచ్చి "ఆకలైతుంది సిస్టర్" అన్నాడు, అంతే. ఎంతకాలమైందో ఆయన నోట ఆకలి మాట విని! ఆ క్షణం దేవుడికి చెప్పుకున్న కృతజ్ఞత ఏ ఆదివారమూ చెప్పుకోలేదు.

మా ఊరి నుంచి ఢిల్లీకి వీడియో పోలేదు. నా తప్పు పోయింది. ప్రచారం ముందు కార్మికులతో కాదు, మా నర్సులతో, డాక్టర్లతో, మందులిచ్చేవాళ్లతో మొదలుకావాలని ఆ అమ్మాయి పట్టుబట్టి అందరినీ ఒప్పించింది. తల పట్టుకున్న మనిషి పోస్టరు తీసేశారు. కొత్తగా చేరిన పిల్లలూ, మీ ట్రైనింగులో ఈ సంగతి నేర్పే పాఠం ఇప్పుడు ఉందంటే అందులో ఆ సర్దారుది పెద్ద వాటా. రోగి గుట్టు కాపాడటం మన ధర్మం, అది ప్రాణం పోయినా వదలొద్దు. గుట్టు వేరు, అబద్ధం వేరు. జబ్బు పేరు లేని కవరు ఇవ్వండి, మందు పేరు మాత్రం రాసి ఇవ్వండి, ఇంట్లో ఒక్కరికైనా చెప్పుకునేలా ధైర్యం ఇవ్వండి. లేని జబ్బు మాత్రం రాయకండి. ఇది నాకు అర్థం కావడానికి ఒక మనిషి నేల మీద పడాల్సి వచ్చింది.

సర్దారు ఇంకో మూడేళ్లు గనిలోనే చేసి, సర్దారుగానే రిటైరయ్యాడు. ఆయన రిటైర్మెంటు భోజనంలో ఆయన భార్య నా విస్తట్లో రెండు లడ్లు వేసి, "తినకపోతే ఊకోను" అని బెదిరించింది. అంత చేసిన నా మీద ఆమెకు కోపం లేదు. ఇట్లాంటివాళ్ల మధ్య ఉద్యోగం చేసినందుకే నేను అదృష్టవంతురాలినని అనుకుంటాను.

ఒక్కటి చెప్పి ముగిస్తాను. ఆ సోమవారం గడిచిన మూడు నాలుగు నెలలకు, మందుల కిటికీ ముందు పొడుగాటి వరుస ఉంది. నా ముందుకొచ్చి నిలబడ్డ మనిషిని చూస్తే ఆ కుర్ర డ్రిల్లరు, ఆ రోజు దిగనివాడు. కళ్లు గుంటలు పడి ఉన్నాయి.

"నాకు నిద్ర వడ్తలేదు సిస్టర్" అన్నాడు. "శానా రోజులాయె. కడుపుల ఒకటే భయం. సర్దారన్నకు చూసిన డాక్టరుకు నన్ను గూడ చూపియ్యి."

ఎంత నేర్చుకున్నా పాత బుద్ధి పోదు కదా. నేను గొంతు తగ్గించి, "లోపలికి రా తమ్మీ, నిమ్మళంగ మాట్లాడుదాం" అన్నాను.

"లోపలికెందుకు? గీన్నే చెప్తున్న గద" అన్నాడు, వరుసంతటికీ వినపడేటట్టు. "ఆ దినం దిగకపోతి సిస్టర్. ఆయన మీద భయంతోని అనుకున్నరు అందరు. నా మీద నాకే భయమైంది."

వరుసలో ఎవరైనా నవ్వుతారేమో, నవ్వితే ఈ పిల్లాడు మళ్లీ ఈ గడప తొక్కడేమో అని భయపడ్డాను. అతని వెనక నిలబడ్డ ఒక నడివయసు ఆమె, చేతిలో చిట్టీతో అతని భుజం మీద తట్టింది.

"జల్ది కానియ్ బిడ్డా" అంది. "నేను గూడ గా డాక్టరు కోసమే వచ్చిన."